పనసపుట్టుగలో చూడదగ్గది

ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళ కళ్ళు వేరు, ఊళ్ళో బతికేవాళ్ళ కళ్ళు వేరు. మా ఉద్దానంలో కొబ్బరిచెట్టు ఎదురైతే మేం ముందు గెల వంక చూస్తాం, ఆ తరవాత మొవ్వులో పురుగు పట్టిందేమోనని చూస్తాం. దొరలు చెట్టు వెనకున్న ఆకాశం చూస్తారు. ఎవరి సరదా వాళ్ళది, కాదనను. కాని అప్పలనరసింహం సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి, చూడదగ్గ చోట్లంటూ ఎవరైనా నా ముందు జాబితా విప్పితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఢిల్లీలో కొత్త రాజుగారి దర్బారు జరిగాక వచ్చిన మాఘమాసం అది. దర్బారు కోసం సీమ నుంచి ఓడలెక్కి వచ్చిన దొరల్లో కొందరు, ఎలాగూ వచ్చాం కదా, ఈ ఎండలదేశంలో చూడవలసినవన్నీ చూసే పోదామని రైళ్ళెక్కి తిరిగారు. అలాంటి దొర, దొరసాని పూండి స్టేషన్లో దిగారు. దొర డాక్టరు. జుట్టు తెల్లబడ్డ మనిషి, సెలవు మీద ఉన్నాడు. దొరసాని ఒళ్ళో ఎప్పుడూ బొమ్మలు వేసుకునే అట్ట ఉండేది. తాటిచెట్టు కనిపించినా, ఆరేసిన వల కనిపించినా బండి ఆపించేది.

వాళ్ళకి దుబాసీగా అప్పలనరసింహాన్ని పంపారు. టెక్కలిలో ఒక కచేరీలో గుమాస్తా అతను. పుట్టింది మాత్రం సముద్రం ఒడ్డున పనసపుట్టుగలో, రైతుబిడ్డ. పర్లాకిమిడిలో వారాలు చేసుకుని ఇంగ్లీషు చదివాడు. పెళ్ళాం రత్నాలమ్మ, ఆరేళ్ళ కూతురు మహాలక్ష్మి, తల్లి జోగమ్మ ఊళ్ళోనే ఉండేవారు. సెలవు దొరికినప్పుడు ఇంటికెళ్ళి, కూతుర్ని భుజం మీంచి దించకుండా రెండు రోజులు గడిపి వచ్చేవాడు.

పంపేముందు కచేరీ పెద్ద అతన్ని పిలిచి గట్టిగా చెప్పాడు. "కొండలు చూపించు, సముద్రం చూపించు, గుళ్ళు చూపించు. రోగాలు మాత్రం చూపించకు. డాక్టరని తెలిసిందా, జనం మంచాలు మోసుకొచ్చి బండికి అడ్డం పెడతారు. ఒక్క రోగి ఆయన కంటపడ్డాడో, నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు." దొర కూడా మొదటిరోజే మంచిగా అడిగాడు. జీవితమంతా రోగుల్ని చూస్తూనే గడిచిపోయింది, ఈ కాస్త సెలవులో నన్ను మనిషిగా తిరగనివ్వు అన్నాడు. నరసింహం తల ఊపాడు.

మందసా వైపు తీసుకెళ్ళి మహేంద్రగిరి చూపించాడు. దూరపు కొండలు నునుపు కదా, దొరసాని మురిసిపోయింది. దగ్గరికెళితే మాత్రం ముల్లు దిగి, పాదం చీము పట్టింది. బారువలో సముద్రం ఒడ్డున కుర్చీ వేయించి, దొర తన తోలుపెట్టె తీశాడు. సన్నటి కత్తిని ఏదో మందులో ముంచి, రెప్పపాటులో కోశాడు. గిన్నెలోకి చీము కారింది. అప్పటిదాకా కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి అంతలోనే నవ్వి, చుక్కానిపడవ బొమ్మ వేస్తానని కూర్చుంది. పక్కన గొడుగు పట్టుకున్న నరసింహం అదంతా చూశాడు.

మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం. తీరం వెంట దక్షిణంగా వచ్చి, సాయంత్రానికి పూండిలో మెయిలు ఎక్కాలి. బండి తోలేవాడు నరసింహం బావమరిది పైడిరాజు. దారిలో వాళ్ళ ఊరి కొబ్బరిబండి ఒకటి ఎదురొచ్చింది. నరసింహాన్ని చూడగానే ఆ బండివాడు ఎద్దుల్ని నిలేసి కిందికి దూకాడు.

"నరసింహం బావా, నీకోసమే దేవులాడతన్నాను. నీ గుంటకి గొంతులో గడ్డ లేసింది. మంచినీళ్ళు కూడా దిగడం లేదు. రేత్రికాణ్ణించి ఊపిరి ఈలేసినట్టు వత్తంది. కామేశ్వరమ్మ పసరు పోసింది, మంత్రం పెట్టింది. ఏటీ లాభం లేదు. బేగి ఎల్లు."

అంత చెప్పి, సోంపేట సంతకి ఆలస్యమైపోతోందని బండెక్కి వెళ్ళిపోయాడు.

ఇసకలో నిలబడే నరసింహం దారులు వెతుక్కున్నాడు. టెక్కలి ఆస్పత్రికి పిల్లనెత్తుకుని నడిస్తే దారిలోనే ప్రాణం పోతుంది. ఆ పిల్లని బతికించే కత్తి ఎక్కడో లేదు, తనకి రెండడుగుల దూరంలో, బండిలో, దొరసాని కాళ్ళ దగ్గర తోలుపెట్టెలో ఉంది. అడిగితే? అడిగాక కాదంటే? నోట్లోంచి ఒకసారి కాదన్నమాట వచ్చాక వెనక్కి తీసుకున్న దొరని అతను కచేరీలో ఇంతవరకూ చూడలేదు. అదే పిల్లని కళ్ళముందు పెడితే, ఎంత రాయైనా కాదనలేడు. ముందు గుమ్మం దాకా తీసుకెళ్ళాలి. ఆ తరవాత ఉద్యోగం పోతే పోయింది, కాళ్ళు పట్టుకుంటాను. ఇదీ అతని లెక్క. కన్నతండ్రి లెక్క, తప్పు పట్టేవాళ్ళు పట్టండి.

దొరసాని వైపు తిరిగి నవ్వుమొహం పెట్టాడు.

"అమ్మగారూ, దారికి కొంచెం ఎడంగా పనసపుట్టుగ అని ఒక ఊరుంది. అక్కడ ఇసకలో కూరుకుపోయిన గుడి ఉంది. శిఖరం మాత్రమే పైకి కనిపిస్తుంది. సముద్రపుగాలి వీస్తే లోపల ఎక్కడో గంట మోగుతుంది. ఇంతవరకు తెల్లవాళ్ళెవరూ చూడలేదు."

గుడీ లేదు, గంటా లేదు. ఆ ఊళ్ళో ఉన్నవి పనసచెట్లు, ఉప్పునీళ్ళ బావులు, అమ్మవారి పేరున పాతిన రాయి ఒకటి. కాని చివరన అన్నాడే ఒక మాట, తెల్లవాళ్ళెవరూ చూడలేదని, అది పనిచేసింది. దొరసాని కళ్ళు మెరిశాయి. దొర గడియారం చూసుకుని, రైలు తప్పకూడదు సుమా అన్నాడు. తప్పదని నరసింహం ఒట్టేశాడు.

బండి మొగలి డొంకల్లోకి దిగింది. ఉద్దానం ఇసకలో బండి నడవడం ఎలా ఉంటుందో తోలినవాడికే తెలుసు. చక్రం సగానికి దిగిపోతుంది, ఎద్దు నురగలు కక్కుతుంది, దారి మాత్రం తరగదు. నరసింహం పక్కన నడుస్తూ చక్రాన్ని భుజంతో తోస్తున్నాడు. దుబాసీ ఇంత కష్టపడ్డం దొరకి ముచ్చటేసింది. మంచి మార్గదర్శి దొరికాడని పెళ్ళాంతో అన్నాడు. ఆ మాట విన్న నరసింహానికి ఏడుపొచ్చింది.

అంతలో దొరసాని చెయ్యెత్తింది. మొదలు నుంచి పైదాకా కాయలు అంటిపెట్టుకున్న పనసచెట్టు. ఇలాంటి వింత ఎక్కడా చూడలేదు, బొమ్మ వేసుకోవాలంది. ఆ ఊళ్ళో ఇంతకంటే మంచి చెట్లున్నాయన్నాడు నరసింహం. వాటినీ వేస్తానని నవ్వి, రంగులు కలపడం మొదలెట్టింది. గాలిలో కుంచె అటూ ఇటూ ఊగుతోంది. అతనికి ఆ కుంచె అడుగడుక్కీ కూతురి గొంతు మీద నడుస్తున్నట్టే ఉంది. పాపం ఆవిడకేం తెలుసు. అయినా ఆ క్షణంలో ఆవిణ్ణి చంపెయ్యాలన్నంత కోపం వచ్చిందతనికి.

"పైడిరాజూ, నడిపించరా," అన్నాడు పళ్ళు బిగించి.

పైడిరాజు ఎద్దు తోక మెలేశాడు. బండి ఒక్క ఊపున కదిలింది. రంగుల పెట్టె బోర్లా పడింది, దొర కేకలేశాడు. ఎద్దు బెదిరిందని దుబాసీ ఇంగ్లీషులో క్షమాపణ చెప్పుకున్నాడు. పైడిరాజు కర్ర దించలేదు.

ఊరు కనిపించింది. నరసింహం ముందుకి పరిగెత్తాడు. వాళ్ళింటి గుమ్మం ముందే ఆగిపోయాడు.

కనుచూపుమేర ఒక్క మనిషి లేడు. పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. చేటలో సగం చెరిగిన గంటిగింజలు ఉన్నాయి. కోళ్ళు తిరుగుతున్నాయి. రత్నాలమ్మ లేదు, మంచం మీద పిల్ల లేదు. లోపలికెళ్ళి ముట్టుకుంటే, మంచం మీది బొంత ఇంకా వెచ్చగానే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. గుర్తు రావలసిన సమయానికి రాకుండా, అంతా అయ్యాక వచ్చింది.

మా ఊళ్ళ అలవాటు అది. టీకాలవాళ్ళు వచ్చే రోజుల్లో ఎవరో ఒకరు కొబ్బరిచెట్టు మీద ఉంటారు. దూరాన దొరటోపీ కనిపిస్తే చాలు, చెట్టు మీంచి ఒక కూత. అంతే, తల్లులు పిల్లల్ని చంకనేసుకుని మొగలి డొంకల్లోకి పోతారు. లోపల ముళ్ళ మధ్య గుహల్లాంటి దారులుంటాయి. పాములకీ మాకూ తప్ప ఎవరికీ తెలియవు. టోపీ వెళ్ళిపోయేదాకా రారు. టీకా మంచిదని ఇప్పుడు మనం అంటాం. కత్తి పట్టుకుని పిల్లల కోసం వచ్చేవాణ్ణి చూసి ఆ తల్లులు ఏమనుకోవాలో చెప్పండి. నరసింహం కూడా చిన్నప్పుడు తల్లి చంకలో ఆ డొంకల్లో దాక్కున్నవాడే. టెక్కలిలో బల్ల ముందు కూర్చుని కూర్చుని మరిచాడో, కూతురి మీది బెంగలో తోచలేదో. ఒక్క మనిషిని ముందుగా పంపి, వచ్చేది మన మంచికేనని చెప్పిస్తే సరిపోయేది. అది తట్టలేదు.

డొంకల వైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"రత్నాలూ! నానే! గుంటని తీసుకొచ్చియ్యి! టీకాల దొర కాదు, వైద్దుడు! ఇనిపిస్తందేటి? రత్నాలూ!"

డొంకల్లోంచి ఎక్కడో సన్నగా ఒక కూత. పిల్ల కూత. మొదలవుతూనే తెగిపోయింది. తల్లి చెయ్యి నోటి మీద పడిందని నరసింహానికి తెలుసు. ఒక పిల్ల ఏడిస్తే ఊరి పిల్లలందరూ దొరికిపోతారు, అందుకని అక్కడ ఎవరూ ఎవర్నీ ఏడవనివ్వరు. కూత ఏ వైపు నుంచి వచ్చిందో గాలిలో తేలలేదు. అటు పరిగెత్తాడు, ఇటు పరిగెత్తాడు. మొగలిముళ్ళకి చొక్కా చిరిగి ఒళ్ళు రక్తమైంది. ఎంత పిలిస్తే వాళ్ళు అంత లోపలికి పోతున్నారని అర్థమై ఆగిపోయాడు.

వెనక్కి వస్తే, ఇంటి పక్క పెరట్లో తల్లి జోగమ్మ. మోకాళ్ళు పనిచెయ్యవు కాబట్టి ఊళ్ళో మిగిలిపోయింది.

"అమ్మా, ఆళ్ళు ఎక్కడున్నారు? సెప్పు."

"సెప్పను."

"అమ్మా, గుంట సచ్చిపోతాదే!"

"సచ్చేది దేవుడి సేతిలో సత్తాది. ఆడి కత్తికియ్యను." ముసలిది కొడుకు వంక కాదు, బండి దిగుతున్న దొర వంక చూస్తోంది. "నీ అన్న సింహాచలానికి టీకా ఏయించింది నానే. మునసబు భయపెడితే సెయ్యి సాపించాను. ఆ సెయ్యి కుళ్ళిపోయి, ఆడు ఈ అరుగు మీదే సచ్చాడు. నువ్వప్పుడు పాలు తాగేవోడివి. మళ్ళీ నువ్వే తోల్కొచ్చినావా ఆణ్ణి? నా ఇంటికి?"

దొర వచ్చి నిలబడ్డాడు. గుడి ఎక్కడని అడిగాడు.

ఇక దాచడానికి ఏముంది. నరసింహం దొర కాళ్ళ దగ్గర ఇసకలో కూలబడ్డాడు. వచ్చిన ఇంగ్లీషు సగం మరిచిపోయాడు. గుడి లేదన్నాడు. నా కూతురుంది, గొంతులో గడ్డ, ఊపిరాడ్డం లేదు, మీ దగ్గర కత్తి ఉంది, అందుకే అబద్ధమాడాను, నన్నేం చేసినా సరేనన్నాడు.

దొర మొహం ఎర్రబడింది. ఒక్కటే అడిగాను కదయ్యా నిన్ను అన్నాడు. గడియారం తీశాడు. రైలు సంగతి మళ్ళీ ఎత్తాడు. దొరసాని కుంటుకుంటూ బండి దగ్గరికి వెళ్ళి తోలుపెట్టె తానే మోసుకొచ్చి మొగుడి ముందు పెట్టింది. దొర కాసేపు ఆ పెట్టెని, ఆవిణ్ణి మార్చి మార్చి చూశాడు. గడియారం జేబులో వేసుకుని, పిల్ల ఎక్కడ అన్నాడు.

అదే తెలియదు. తెలిసింది ఒక్క జోగమ్మకి. ఆవిడ పిలిస్తేనే వాళ్ళు వస్తారు. ముప్పు తప్పిందని చెప్పే పిలుపు ఆవిడ నోటితోనే రావాలి, ఇంకెవరు పిలిచినా రారు.

"పిలువమ్మా. నీ కాళ్ళకి మొక్కుతాను. పిలువు."

పైడిరాజు కూడా వచ్చి కాళ్ళమీద పడ్డాడు. ముసలిది కదల్లేదు. మాఘమాసపు ఎండే అయినా నరసింహం ఒళ్ళంతా చెమట. డొంకల వైపు చెవి పెట్టాడు. ఇప్పుడు అక్కణ్ణించి ఏ చప్పుడూ లేదు. అతను తల్లిని రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. కన్నతల్లి మీద చెయ్యెత్తాడు కూడా. ఎత్తిన చెయ్యి అలాగే తన నెత్తిన వేసుకుని కొట్టుకున్నాడు.

అప్పుడు జోగమ్మ ముడతలు పడ్డ చెయ్యి ముందుకి చాపింది.

"ముందు నా సెయ్యి కొయ్యమను. నా కళ్ళతో నాను సూడాలి."

నరసింహం చెప్పాడు. దొరకి మతిపోయింది, కోయనన్నాడు. దొరసాని మాత్రం ఆ చాపిన చేతిని చూసి, జోగమ్మ పక్కన నేలమీద చతికిలబడి, ఆ మణికట్టు తన రెండు చేతులతో పట్టుకుంది. మొగుడి వంక చూసి తల ఊపింది. దొర కత్తిని మందులో ముంచి, ముసలిదాని చేతిమీద గీత గీశాడు. రక్తం చిప్పిల్లింది. వెంటనే దూదితో అద్ది కట్టు కట్టాడు. అంతసేపూ జోగమ్మ గాయం వంక చూడలేదు. దొరసాని చేతుల్నే చూసింది.

"దీని సేతులు వణుకుతున్నాయిరా," అంది కొడుకుతో. "దీనికీ పిల్లలున్నారేటి?"

"పిలువమ్మా!"

పిలిచింది. ఏమని పిలిచిందో వింటే మీకూ గుండె చెరువవుతుంది.

"సింహాచలం! ఓ సింహాచలం! బువ్వకి రా నాయినా, బువ్వకి రా!"

ఎప్పుడో పోయిన కొడుకు పేరు. ఆ పేరు ఆవిడ తప్ప ఎవరూ పిలవరు, ఎవరు బలవంతపెట్టినా అబద్ధానికి పిలవదు. అందుకే ఊరంతా ఆ పిలుపుని నమ్మింది. పిలిచేది తల్లేనని తెలుసు గాని, నరసింహం టెక్కలి వెళ్ళిపోయాక పెట్టుకున్న గుర్తు కాబట్టి ఏ పేరుతోనో అతనికి తెలియదు. విని బిక్కచచ్చిపోయాడు.

డొంకలు కదిలాయి. ఒక్కొక్కరూ వంగి బయటికొచ్చారు. మొహాల మీద ముళ్ళ గీతలు, చంకల్లో పిల్లలు. దొర ఇంకా అక్కడే ఉండడం చూసి తల్లులు వెనక్కి తగ్గారు. జోగమ్మ ఫరవాలేదని చెయ్యి ఊపితే నిలబడ్డారు. గాలి పీల్చుకున్న పిల్లలు ఒక్కసారిగా ఏడుపందుకున్నారు. ఊరంతా ఏడుపుతో నిండిపోయింది. ఆ ఏడుపుల్లో నరసింహం తన కూతురి గొంతు వెతుక్కున్నాడు.

రత్నాలమ్మ రాలేదు. అందరికంటే లోపలికి పోయిందని ఎవరో చెప్పారు. పిల్లకి జబ్బు కదా, రోగపు పిల్లల్ని ముందు పట్టుకుపోతారని భయపడిందట. నరసింహం అటు పరిగెత్తాడు. దొర కత్తి చేత్తో పట్టుకుని, ఆ వయసులో, ఆ ఇసకలో అతని వెనకే పరిగెత్తాడు.

డొంక మొదట్లో ఆమె ఎదురొచ్చింది. జుట్టు ఊడిపోయి ఉంది. మహాలక్ష్మి తల్లి భుజం మీద తలవాల్చి ఉంది. తల్లి కుడిచెయ్యి ఇంకా పిల్ల నోటి మీదే ఉంది. దొరని చూడగానే ఆ చెయ్యి మరింత బిగిసింది.

"సెయ్యి తియ్యే! సెయ్యి తియ్యి రత్నాలూ!" అరిచాడు నరసింహం.

"నిన్ను కొట్టి పిలిపిత్తన్నారనుకున్నాను మావా," అంది ఆమె ఆయాసపడుతూ. "నీ గొంతు ఇని ఒక్కపాలి కూతేసింది. అంతే. మళ్ళీ రానివ్వలేదు. అప్పుటికాణ్ణించి ఎంత బుద్దిగా ఉన్నాదో సూడు."

దొర దగ్గరికొచ్చి ఆమె వేళ్ళని ఒకటొకటే పిల్ల నోటి మీంచి విడదీశాడు. మెడ మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. తరవాత కత్తిని తుడిచి కోటు జేబులో పెట్టేసుకున్నాడు.

కత్తి లోపలికి పోవడం చూసింది రత్నాలమ్మ. గండం గడిచిందనుకుంది. పిల్లని భుజం మీద సర్దుకుని, వంగి, ఆ దొర కాళ్ళకి దండం పెట్టింది.